మాత్ర కన్నా ముందు కంచం చూద్దాం, చెల్లీ

"అక్కా, కాల్షియం మాత్రలు వేసుకోమంటావా, వద్దంటావా?"

పెళ్లిళ్లలో, పేరంటాల్లో పాతికేళ్ల అమ్మాయిలు నన్ను పక్కకు లాగి అడిగే ప్రశ్నల్లో ఈమధ్య ఇదే ముందుంటోంది. నేను నోరు విప్పేలోపు పక్కనున్న పిల్ల అందుకుంటుంది: "వద్దే బాబూ, కిడ్నీలో రాళ్లొస్తాయట!" ఇంకో పిల్లేమో, "మా ఆఫీసులో అందరూ వేసుకుంటున్నారు, నేనూ డబ్బా కొనేశాను" అంటుంది. ఒకరికి భయం, ఒకరికి మోజు. "సరే, రోజూ నీ తిండిలో కాల్షియం ఎంత పడుతోంది?" అని అడిగితే మాత్రం ఇద్దరి దగ్గరా జవాబుండదు.

అందుకే ఇవాళ తీరిగ్గా కూర్చుని మాట్లాడుకుందాం. నా మాట ముందే చెప్పేస్తున్నాను. కాల్షియం మాత్ర అమృతమూ కాదు, విషమూ కాదు. నీ కంచంలో ఎంత లోటుందో చూసుకుని, ముందు తిండితో పూడ్చుకుని, ఇంకా మిగిలిన లోటుకే మాత్ర వేసుకోవాలి. లెక్క లేకుండా మింగినా నష్టమే, అవసరం ఉండీ భయపడి మానేసినా నష్టమే.

ముప్పై లోపు ఎందుకంత తొందర?

ఎముకంటే ప్రాణం లేని కర్ర ముక్క కాదమ్మా. అందులో రక్తం పారుతుంది, కణాలు రాత్రింబవళ్లు పనిచేస్తాయి. కొన్ని కణాలు పాతబడిన ఎముకను తొలుస్తుంటే, ఇంకొన్ని అదే చోట కొత్త ఎముక కడుతుంటాయి. పెద్దవాళ్లలో కూడా ఏటా ఒంట్లోని ఎముకలో దాదాపు పదో వంతు ఇలా కొత్తదవుతుంది.

చిన్న వయసులో కట్టేది ఎక్కువ, తొలిచేది తక్కువ. ఆడపిల్లకు 18 ఏళ్లు వచ్చేసరికే, జీవితం మొత్తంలో చేరగల ఎముక బలంలో దాదాపు 90 శాతం చేరిపోతుంది. మిగతాది ఇరవైల్లో పూర్తవుతుంది. ముప్పై దాటాక కొన్నాళ్లు సమంగా సాగి, ఆ తర్వాత తొలిచేది పైచేయి అవుతుంది. నెలసరి ఆగిపోయాక ఈస్ట్రోజెన్ అండ తప్పుకోవడంతో ఎముక మరీ వేగంగా పలచబడుతుంది. మన దేశంలో సగటున 46, 47 ఏళ్లకే నెలసరి ఆగిపోతోంది. అంటే ఆ తర్వాత ఇంకా ముప్పై ఏళ్లు ఇదే ఎముకలతో బతకాలి.

పంట చేతికొచ్చిన రోజుల్లోనే గాదె నింపుకోవాలి కదా, ఇదీ అంతే. డెబ్బై ఏళ్ల నానమ్మ బాత్రూంలో జారిపడి తుంటి విరిగితే "పెద్దతనం" అనేస్తాం. కానీ ఆ తుంటి ఎంత గట్టిగా ఉండాలన్నది చాలావరకు ఆవిడ నీ వయసులో ఉన్నప్పుడే తేలిపోయింది.

"రిపోర్టు నార్మల్ వచ్చింది కదక్కా!"

ఈ మాట విన్నప్పుడల్లా నాకు గాభరాగా ఉంటుంది. ఒంట్లో ఉండే కాల్షియంలో 99 శాతం ఎముకల్లో, పళ్లలో ఉంటుంది. రక్తంలో తిరిగేది చాలా కొద్ది. ఆ కొద్దీ లేకపోతే గుండె సరిగ్గా కొట్టుకోదు, కండరాలు కదలవు. అందుకే ఒళ్లు దాన్ని డెసిలీటరుకు సుమారు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్యే పట్టి ఉంచుతుంది. నువ్వు తిన్నా తినకపోయినా ఆ అంకె కదలనివ్వదు. తిండిలో తగ్గిందా, మెడలో థైరాయిడ్ వెనక ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు ఎముకల్లోంచి తీసి రక్తంలో పోయిస్తాయి. కాబట్టి రక్తంలో కాల్షియం బాగున్నంత మాత్రాన ఎముకలు బాగున్నట్టు కాదు.

అలాగే గోళ్ల మీద తెల్లమచ్చలు కాల్షియం లోపానికి గుర్తు కాదు. ఎక్కడో గోరుకు తగిలిన చిన్న దెబ్బల వల్లే చాలావరకు అవి వస్తాయి. కూర్చుని లేస్తుంటే మోకాళ్లు టకటకమన్నా, నొప్పీ వాపూ లేకపోతే దిగులు పడక్కర్లేదు. లాప్‌టాప్ ముందు వంగి కూర్చుంటే వచ్చే నడుంనొప్పికి కాల్షియం మాత్ర మందు కాదు. అసలు ఎముక పలచబడటం నొప్పి పెట్టదు, విరిగేదాకా తెలియదు. విటమిన్ డి బాగా తగ్గిపోయినప్పుడు మాత్రం ఎముకలు సలుపుతాయి, తొడల్లో బలం తగ్గి నేల మీంచి లేవడం, మెట్లెక్కడం కష్టమవుతుంది. అలాంటప్పుడు ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఇంకోటి. ఉచిత ఎముకల పరీక్ష అంటూ మడమను చిన్న యంత్రంలో పెట్టించి, "నీ ఎముకలు పలచబడ్డాయి" అని కాగితం చేతికిస్తే కుంగిపోకు. అది అల్ట్రాసౌండ్ అంచనా మాత్రమే. తేల్చి చెప్పాలంటే వెన్నుకు, తుంటికి డెక్సా స్కాన్ చేయాలి. ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ల పిల్లకు మామూలుగా ఆ స్కాన్ అవసరమే ఉండదు. ఒకవేళ చేసినా ముసలివాళ్ల కొలతతో కాదు, నీ వయసు వాళ్లతో పోల్చి చూడాలి.

రా, కంచం లెక్క చూద్దాం

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పేరు వినే ఉంటావు. భారత వైద్య పరిశోధన మండలితో కలిసి 2020లో విడుదల చేసిన సిఫారసుల్లో, పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని చెప్పింది. అంతకుముందు 600 ఉండేది. పాలిచ్చే తల్లికి 1200.

ఇప్పుడు హాస్టల్లో ఉండే ఒక అమ్మాయి రోజు చూద్దాం. పొద్దున, సాయంత్రం రెండు టీలు. రెంటిలో కలిపి పాలు 100 మిల్లీలీటర్లు ఉంటే గొప్ప, అంటే సుమారు 120 మిల్లీగ్రాములు. మూడిడ్లీ, నీళ్లలాంటి చట్నీ: ఒక 40. మధ్యాహ్నం అన్నం, పప్పు, బెండకాయ వేపుడు: 70 అనుకుందాం. చిన్న కప్పు పెరుగు: 120. రాత్రి అన్నం, ఒక గుడ్డు కూర: 50. అన్నీ కలిపితే 400. ఆ పెరుగు కప్పు కూడా "లావైపోతాను" అని పక్కకు తోసేసిందంటే 300 కూడా రాదు. కడుపు నిండుతోంది, ఎముక పస్తుంటోంది.

పూడ్చడం కష్టమా అంటే, మన వంటిల్లు చేతిలో ఉండగా కష్టం కానే కాదు. గ్లాసు పాలు, అంటే 200 మిల్లీలీటర్లలో 240 దాకా ఉంటుంది. పాలు పడనివాళ్లలో చాలామందికి పెరుగు పడుతుంది, మంచి కప్పుడు వేసుకుంటే 180. రాగుల్లో 100 గ్రాములకు 364 మిల్లీగ్రాములని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికలు చెబుతున్నాయి. యాభై గ్రాముల పిండితో జావ కాచుకున్నా, సంకటి చేసుకున్నా 180 వచ్చినట్టే. రాగులు నానబెట్టి మొలకెత్తించి ఎండబెట్టి పట్టిస్తే ఇంకా మంచిది, కాల్షియాన్ని ఒంటపట్టనీయని ఫైటేట్లు తగ్గుతాయి.

ఇక నువ్వులు. ఇది మాత్రం నా ఇష్టమైన చిట్కా. సన్న సెగ మీద ఇనప మూకుడు పెట్టి నువ్వులు వేసి కలుపుతూ ఉండు. చిటపటమని ఎగరడం మొదలై, కమ్మటి వాసన రాగానే దించెయ్, ఒక్క నిమిషం ఏమరినా చేదెక్కుతాయి. అదే మూకుట్లో నాలుగు ఎండుమిరపకాయలు, గుప్పెడు కరివేపాకు వేయించి, చల్లారాక నాలుగు వెల్లుల్లి రెబ్బలు, కాస్త ఉప్పు వేసి బరకగా పొడి కొట్టుకో. పది గ్రాముల నువ్వుల్లో సుమారు 125 మిల్లీగ్రాములుంటుంది. వేడన్నంలో రెండు చెంచాల పొడి కలుపుకుంటే ఆ పూట కూర లేకపోయినా నడిచిపోతుంది. హాస్టల్‌కు ఆవకాయ జాడీతో పాటు ఈ సీసా కూడా పంపమని అమ్మకు చెప్పు. పచ్చళ్లు మాత్రం తగ్గించుకో. ఉప్పు మీరితే మూత్రంలో కాల్షియం ఎక్కువ పోతుంది.

ఆకుకూరల్లో మునగాకు మేటి. కందిపప్పులో వేసుకో, వేపుడు చేసుకో, పొడి కొట్టుకో. పాలకూర మంచిదే కానీ కాల్షియం కోసమైతే దాన్ని నమ్ముకోవద్దు. అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి, ఒంటికి పట్టేది 5 శాతమే. పాల నుంచైతే 30 శాతం దాకా పడుతుంది. ఉలవచారు, రాజ్మా, సోయా కూడా లెక్కకొస్తాయి. చేపలు తినేవాళ్లయితే నెత్తళ్లు ముల్లుతో సహా నమిలి తినాలి, కాల్షియం ముల్లులోనే ఉంది. మేకకాళ్ల సూపు తాగితే ఎముకలు గట్టిపడతాయని మన ఇళ్లలో గట్టి నమ్మకం. కానీ ఎంతసేపు మరిగించినా ఎముకలోంచి సూపులోకి దిగే కాల్షియం చాలా కొంచెం. రుచికి తాగు, కాల్షియం లెక్కలో వేసుకోకు.

మాత్ర ఎప్పుడు? ఎలా?

ఇంత చేసినా కొందరికి లోటు మిగులుతుంది. పాలు, పెరుగు పడవు. నైట్ షిఫ్టుల్లో వేళకు తిండి ఉండదు. అప్పుడు మాత్ర అవసరమే, నామోషీ ఏం లేదు. 35 ఏళ్ల లోపు వాళ్ల మీద జరిగిన 43 పరిశోధనలను కలిపి 2022లో ఒక విశ్లేషణ వచ్చింది. కాల్షియం అదనంగా తీసుకున్నవాళ్లకు తొడ ఎముక పైభాగంలో, తుంటి దగ్గర సాంద్రత కాస్త పెరిగింది. అది 20 నుంచి 35 ఏళ్ల వాళ్లలో ఎక్కువగా కనిపించింది. పెద్ద అద్భుతమేమీ కాదు గానీ, ఇరవైల్లో చేసే ప్రయత్నం వృథా పోదని మాత్రం తెలుస్తోంది. తిండి ద్వారా తీసుకున్నా, మాత్ర ద్వారా తీసుకున్నా మేలు కనిపించింది.

ఇప్పుడు నీ మాత్రల స్ట్రిప్ తీసి వెనక్కి తిప్పు. పెద్ద అక్షరాలను కాదు, కింద చీమల్లా ఉన్న అక్షరాలను చదువు. "కాల్షియం కార్బొనేట్ 1250 మిల్లీగ్రాములు, ఎలిమెంటల్ కాల్షియం 500 మిల్లీగ్రాములకు సమానం" అని ఉంటుంది. నీ లెక్కలోకి వచ్చేది ఆ రెండో అంకె. కార్బొనేట్‌లో అసలు కాల్షియం 40 శాతం, సిట్రేట్ అనే ఇంకో రకంలో 21 శాతమే. నీకు 400 లోటుంటే 500 ఉన్న మాత్ర ఒక్కటి ఎక్కువే. ఒక్కసారికి 500 దాటి వేసుకుంటే ఒంటికి పట్టేది తగ్గిపోతుంది కాబట్టి రెండు మాత్రలు కలిపి మింగే పని ఎప్పుడూ పెట్టుకోవద్దు.

కార్బొనేట్ అన్నం తిన్న వెంటనే వేసుకోవాలి, కడుపులో ఆమ్లం ఉంటేనే అది కరుగుతుంది. రోజూ గ్యాస్ మాత్ర వాడే పిల్లలకు అది సరిగ్గా పట్టదు. వాళ్లు డాక్టర్ని అడిగి సిట్రేట్ తీసుకోవడం మేలు. కార్బొనేట్‌తో కొందరికి మలబద్ధకం, కడుపుబ్బరం వస్తాయి, అలాంటివాళ్లకూ సిట్రేటే నయం.

ఇది మాత్రం బాగా గుర్తుపెట్టుకో చెల్లీ, చాలామంది ఇక్కడే దెబ్బతింటున్నారు. ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర ఒకేసారి వేసుకోకూడదు, ఐరన్‌ను కాల్షియం ఒంటపట్టనివ్వదు. రెంటి మధ్య కనీసం రెండు గంటలుండాలి. థైరాయిడ్ మాత్ర పొద్దున్నే వేసుకుంటున్నావా? కాల్షియానికి నాలుగు గంటలు ఆగు. లేకపోతే ఆ మాత్ర సరిగ్గా ఒంటికి పట్టక థైరాయిడ్ దారిలోకి రాదు. సిప్రోఫ్లోక్సాసిన్, డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయోటిక్స్ రాస్తే, కాల్షియం వాడుతున్నానని డాక్టరుకు చెప్పు.

ఇక రాళ్ల భయం. ఇది ఉత్త పుకారు కాదు. అమెరికాలో 36 వేల మందికి పైగా నెలసరి ఆగిన స్త్రీల మీద చేసిన పరిశోధన 2006లో వచ్చింది. రోజూ 1000 మిల్లీగ్రాముల కాల్షియం, 400 యూనిట్ల విటమిన్ డి మాత్రలు వేసుకున్నవాళ్లలో రాళ్లు 17 శాతం ఎక్కువ కనిపించాయి. కానీ వాళ్లలో చాలామందికి అప్పటికే కాల్షియం చాలినంత అందుతోంది, దానిమీద ఇంకో వెయ్యి పడింది. తిండిలోని కాల్షియం సంగతి వేరు. అది పేగులోనే ఆక్సలేట్‌ను పట్టేసుకుని బయటికి పంపుతుంది కాబట్టి రాళ్ల ముప్పు తగ్గుతుంది. అందుకే లోటు మేరకే, అన్నంతో పాటే అంటున్నాను. ఇంతకుముందు రాళ్లు వచ్చి ఉంటే డాక్టర్ని అడగకుండా మాత్ర ముట్టుకోకు.

కడుపుతో ఉన్నప్పుడు లెక్క వేరు

గర్భిణులకు మాత్రం "ముందు తిండి, తర్వాత మాత్ర" అని నేను చెప్పను. మాత్ర వేసుకోవాల్సిందే. మన కేంద్ర ప్రభుత్వం 2014లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 14వ వారం నుంచి కాన్పయ్యాక ఆరు నెలల దాకా రోజుకు రెండు మాత్రలు, ఒక్కోదానిలో 500 మిల్లీగ్రాముల కాల్షియం ఇస్తారు. తిండిలో కాల్షియం తక్కువగా ఉన్న తల్లులకు బీపీ పెరిగి గుర్రపువాతం దాకా పోయే ముప్పును ఇది తగ్గిస్తుంది. ఏఎన్‌ఎం, ఆశా అక్కలు ఇచ్చిన మాత్రలను బీరువాలో దాచొద్దు. అన్నం తిన్నాక, ఐరన్ మాత్రకు దూరంగా వేసుకో.

పాలిచ్చే రోజుల్లో తల్లి ఎముకల్లోంచి కొంత తగ్గడం సహజమే, పాలు మాన్పించాక అది మళ్లీ చేరుకుంటుంది. తినాలి గదా మరి! కానీ మన ఇళ్లలో బాలింతకు పెరుగు వద్దు, ఆకుకూర వద్దు, నీళ్లు కూడా తక్కువ తాగమంటారు. 1200 కావలసిన రోజుల్లో కంచం ఖాళీ చేస్తున్నారు. అమ్మతో, అత్తయ్యతో గొడవ పడకుండా డాక్టరు నోటితోనే చెప్పించు, వింటారు.

ఎండ, గెంతులు

కాల్షియం పేగులోంచి ఒంటికి పట్టాలంటే విటమిన్ డి ఉండాలి. ఇంత ఎండలు కాసే మన ఊళ్లలో అది తక్కువేమిటి అంటావు. లేత ఎండలో కూర్చుంటాం, అందులో పనికొచ్చే యూవీబీ కిరణాలు చాలా తక్కువ. కారు అద్దంలోంచి పడే ఎండలో అవి అసలు రావు. నీ నీడ నీకన్నా పొట్టిగా ఉన్న వేళ ముఖం, చేతులు తగిలేలా పదిహేను, ఇరవై నిమిషాలు ఉంటే పనికొస్తుంది. వేసవిలో మాత్రం వడదెబ్బ చూసుకో. అమెరికాలో చదువుకుంటున్న చెల్లెళ్లూ, బోస్టన్ లాంటి ఊళ్లలో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎండలో ఎంతసేపు నిలబడినా చర్మం విటమిన్ డి చేయలేదు. మీరు విటమిన్ డి కలిపిన పాలు చూసి కొనుక్కోవాలి.

60,000 యూనిట్ల విటమిన్ డి పొడి ప్యాకెట్లు, గోళీలు డాక్టర్లు సాధారణంగా వారానికొకటి, కొన్ని వారాలే రాస్తారు. మంచిది కదా అని రోజుకొకటి వేసుకుంటే రక్తంలో కాల్షియం విపరీతంగా పెరిగి వాంతులు, దాహం పట్టుకుంటాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఒకసారి రాసిన చీటీతో ఏడాదంతా కొనుక్కోవద్దు.

ఎముకకు ఇంకో ఆకలి కూడా ఉంది, బరువు. అంతరిక్షంలో బరువు తెలియక వ్యోమగాములకు నెలకు దాదాపు ఒక శాతం ఎముక తగ్గిపోతుంది. టెన్నిస్ ఆడేవాళ్లకు రాకెట్ పట్టే చేతి ఎముక రెండో చేతి కన్నా దిట్టంగా ఉంటుంది. ఈత, సైకిలు గుండెకు మంచివే గానీ ఎముకకు గెంతు కావాలి. తాడాట, మెట్లెక్కడం, డాన్సు, కబడ్డీ, కాస్త బరువులెత్తడం, ఏది నచ్చితే అది. తొక్కుడుబిళ్ల ఆడే వయసు దాటిపోయిందని ఎవరన్నారు?

ఇవి ఉంటే డాక్టరు దగ్గరికే

సన్నబడాలని తిండి మానేసి మూడు నెలలుగా నెలసరి రాకపోతే అది ఎముకలకు పెద్ద ప్రమాదం. ఈస్ట్రోజెన్ లేకపోతే ఇరవై ఏళ్ల పిల్లకూ ఎముక కరుగుతుంది, కాల్షియం మాత్ర ఒక్కటే దాన్ని ఆపలేదు. ఉబ్బసానికో కీళ్లవాతానికో నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నా, చిన్న దెబ్బకే ఎముక విరిగినా, అమ్మకో అమ్మమ్మకో తుంటి విరిగిన చరిత్ర ఉన్నా ఈ ముచ్చట్లతో ఆగిపోకు. ఈ సంగతులన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లి డాక్టరుకు చూపించు.

మిగతావాళ్లంతా ఈ ఆదివారం నుంచి ఒక పని చేయండి. మూడు రోజుల పాటు తిన్నదంతా ఫోన్‌లో రాసుకుని, పైన చెప్పిన అంకెలతో కూడి చూడండి. వెయ్యికి ఎంత తగ్గిందో తెలిసిపోతుంది. అలాగే ఇంట్లో అమ్మ కంచం కూడా చూడండి. అందరూ తిన్నాక కూర్చునే ఆవిడ దాకా వచ్చేసరికి పెరుగు గిన్నెలో ఏం మిగులుతోంది? నలభైల్లో ఉన్న అమ్మకు నీకన్నా ముందే ఆ అవసరం ఉంది. ఆవిడకు ఒక కప్పు తీసి పక్కన పెట్టి, ఆ తర్వాతే నువ్వు వడ్డించుకో. మాత్ర సంగతి ఇద్దరూ కలిసి డాక్టర్ని అడగండి.